పగలని అద్దాల పద్దు

ముందుగానే ఒక మాట చెప్పేస్తాను. లెక్కల విషయంలో నన్ను తప్పుపట్టగలవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. చదివింది మా ఊరి బడిలో అయిదో తరగతి దాకానే అయినా, ఇరవయ్యో ఎక్కం వరకూ పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. కాబట్టి ఈ కథలో వచ్చే అంకెలన్నీ నేను స్వయంగా కూడి, తీసి, సరిచూసినవి. మనుషుల సంగతి ఎలా ఉన్నా, అంకెల్ని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మండి.

ఒక పెద్ద ఆసుపత్రి. అందులో జమాఖర్చుల విభాగానికి ఒకాయన పెద్ద. అమ్మానాన్నా పెట్టిన పేరు ఆయన జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. అందరికీ ఆయన పద్దులాయన. లోకంలో ప్రతి వస్తువూ ఏదో ఒక పద్దు కింద పుట్టి, ఆ పద్దు కిందే కన్నుమూయాలని ఆయన సిద్ధాంతం. కుర్చీ సామాన్ల పద్దు. కుర్చీ మీద పరిచిన గుడ్డ వస్త్రాల పద్దు. ఆ గుడ్డ మీద ఒలికిన టీ అతిథి మర్యాదల పద్దు. ఒలికించిన అతిథి ఏ పద్దు కిందికీ రాడు కాబట్టి ఆయన దృష్టిలో ఆ మనిషి లేనట్టే.

ఇంట్లోనూ ఇదే వరస. పెళ్ళయిన మర్నాడు మొదలుపెట్టిన జమాఖర్చుల నోటుపుస్తకం ఇరవై రెండేళ్ళుగా ఒక్క రోజు తప్పలేదు. రసీదులు ఏడాదికో అట్టపెట్టె చొప్పున అటక మీద వరసగా కూర్చున్నాయి. నన్ను ఏ పద్దు కింద రాశారని భార్య ఒకసారి సరదాకి అడిగింది. ఆయన సరదాకి నవ్వి ఊరుకుంటే పోయేది. నిజంగానే కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచించిన పాపానికి ఆ ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

ఇక ఆసుపత్రిలో, నడవా చివర, ఎక్స్‌రే గది పక్కన ఒక చిన్న గది ఉంది. దాన్ని అందరూ మాటల గది అంటారు. అందులో ఉన్న సరంజామా అంతా కలిపి రెండు కుర్చీలు, ఒక గోడ గడియారం, కళ్ళు తుడుచుకునే కాగితాల పెట్టె ఒకటి. సూదీ లేదు, మందూ లేదు, మెరిసే మిషనూ లేదు. ఒక కుర్చీలో డాక్టరమ్మ, ఎదుటి కుర్చీలో రోగి. వారానికి ఒకసారి ముప్పావు గంట. రోగి మాట్లాడుతుంది. డాక్టరమ్మ వింటుంది, మధ్యలో ఒక ప్రశ్న వేస్తుంది, ఆ ప్రశ్నకి జవాబు దొరికేసరికి ఒక్కోసారి నెల పడుతుంది. ఇలా ఏడాదిన్నర, రెండేళ్ళు.

అక్కడికి వచ్చేవాళ్ళ జబ్బు రక్తంలో కనిపించదు, ఎక్స్‌రేలోనూ పడదు. డాక్టరమ్మ కాగితం మీద వ్యక్తిత్వ రుగ్మత అని రాస్తుంది. ఇళ్ళల్లో దానికి పొగరు, మొండితనం, నాటకాలు, కొవ్వు అని నాలుగు ముద్దుపేర్లున్నాయి. నాలుగింటికీ మందు ఒకటే, చీవాట్లు. పూటకి మూడుసార్లు చొప్పున ఇరవై ఏళ్ళు వాడినా గుణం కనిపించని మందు ఇంకేదైనా ఉంటే ఎవరైనా మానేస్తారు. దీన్ని మాత్రం మోతాదు పెంచి వాడతారు.

ఆ ఆసుపత్రిని నడిపే పెద్దసారుకి పొదుపంటే ప్రాణం. పొదుపు మీద నెలకి రెండు సమావేశాలు పెట్టేవాడు. ఆ సమావేశాలకయ్యే ఖర్చు ఎంతని అడిగినవాడు లేడు. అలాంటి ఒక సమావేశంలో ఆయన చూపు మాటల గది మీద పడింది.

"మాటలకి జీతం ఇస్తున్నామా మనం? మా ఇంట్లో తెల్లారి లేస్తే ఊరికే దొరుకుతాయి" అన్నాడు.

అందరూ నవ్వారు. పెద్దసారు హాస్యానికి నవ్వడం ఆ ఆసుపత్రి ఉద్యోగ నిబంధనల్లో రాయకుండా వదిలేసిన మొదటి నిబంధన. ఆ తర్వాత ఆయన అసలు సంగతి బయటపెట్టాడు. వచ్చే పోయే పెద్దమనుషులు కూర్చోవడానికి ఒక స్వాగత మందిరం కావాలి. మెత్తటి సోఫాలు, గోడకి దీపాలు. దానికి ఆ గది సరిగ్గా సరిపోతుంది. ఆ గది వల్ల ఆసుపత్రికి దమ్మిడీ లాభమేమైనా ఉందో లేదో పదిహేను రోజుల్లో తేల్చి నివేదిక ఇవ్వమని పద్దులాయనకి పురమాయించాడు. లాభముంటే ఉంచుదాం, లేకపోతే మూసేద్దాం అన్నాడు. సోఫాలకి అడ్వాన్సు మాత్రం అప్పటికే కట్టేశాడు.

అందరితో పాటు పద్దులాయన కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి ఊరికే చొక్కా జేబు సర్దుకుంది. కారణం ఏమిటంటే, ప్రతి మంగళవారం నాలుగు గంటలకి ఆ గదిలో ఎదుటి కుర్చీలో కూర్చునేది ఆయన సొంత చెల్లెలు.

ఆ సంగతి ఆసుపత్రిలో డాక్టరమ్మకి తప్ప నరమానవుడికి తెలియదు. చెల్లెలు బట్టలుతికే షెడ్డు పక్కనున్న వెనక గేటులోంచి వచ్చి, వెనక గేటులోంచే పోయేది. అలా రమ్మని బతిమాలింది ఆయనే. సిగ్గు నాదా నీదా అన్నయ్యా అని ఆవిడ అడిగితే, చెరి సగం అన్నాడాయన. లెక్కల మనిషి జవాబు అలాగే ఉంటుంది.

ఆ చెల్లెలికి ముప్పై నాలుగేళ్ళు. మనసులో ఎండా వానా ఒకే గంటలో వచ్చిపోయే మనిషి. పొద్దున వదిన మెడ చుట్టూ చేతులు వేసి నీలాంటి వదిన ఎవరికీ ఉండదని ఏడ్చేది. సాయంత్రం వదిన ఫోను ఎత్తడం ఒక్క నిమిషం ఆలస్యమైతే, నన్ను వదిలించుకోవాలని అందరూ కూడబలుక్కున్నారని విరుచుకుపడేది. చేతిలో ఏది ఉంటే అది గోడకి తగిలేది. ఆ రాత్రి తన మీద తనకే అసహ్యం పుట్టి, ఆ అసహ్యం తన ఒంటి మీదే తీర్చుకునేది. అలా అత్యవసర వార్డు మెట్లు మూడేళ్ళలో తొమ్మిదిసార్లు ఎక్కింది. పదకొండు ఉద్యోగాలు మారింది. అందులో నాలుగు మొదటి జీతం అందుకోకుండానే.

మాటల గదికి రావడం మొదలుపెట్టి పధ్నాలుగు నెలలైంది. మంత్రం వేసినట్టు ఒక్కసారిగా మారిపోయిందని చెబితే అబద్ధం. కానీ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో పధ్నాలుగు నెలలుగా నిలబడింది. వార్డు మెట్లు ఒక్కసారే ఎక్కింది. ఇప్పుడు సగం దారిలో ఉన్నామని, ఇప్పుడు ఆపితే గాయానికి కుట్లు వేస్తూ మధ్యలో సూది లాక్కున్నట్టేనని డాక్టరమ్మ ఇదివరకే చెప్పి ఉంది. కాబట్టి పదిహేను రోజుల్లో ఆయన రాయబోయేది నివేదిక కాదు, చెల్లెలి మంగళవారం.

మొదట ఆయన నిజాయితీగా మాటల గది లెక్క తీశాడు. ఖర్చు వైపు డాక్టరమ్మ జీతం, దీపం, ఫాను, కాగితాల పెట్టెలు. రాబడి వైపు తెల్లకాగితం. ఆ తెల్లకాగితం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. గది వల్ల లాభమేమిటో చెప్పండమ్మా, రాసుకుంటానన్నాడు.

"ఇక్కడికొచ్చేవాళ్ళు అత్యవసర వార్డుకి వెళ్ళడం తగ్గిందండీ. అదే లాభం" అంది ఆవిడ.

"వచ్చినదానికి రసీదుంటుంది డాక్టరమ్మా. రాకపోయినదానికి రసీదు ఎవరిస్తారు?"

ఆవిడ గడియారం వైపు చూసింది. రోగి బయట కూర్చుని ఉంది. "వార్డు రిజిస్టరు చూడండి. అందులో లేని పేర్లు లెక్కపెట్టండి" అని లేచింది.

లేని పేర్లు లెక్కపెట్టడం ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదలు. అయినా రెండు రోజులు ఆ రిజిస్టర్ల దుమ్ములో కూర్చున్నాడు. మాటల గదికి వస్తున్నవాళ్ళలో అత్యవసర వార్డుకి పాత చుట్టాలు పదమూడు మంది తేలారు. చికిత్సకి ముందు ఏడాదిలో ఒక్కొక్కరు సగటున ఏడేసిసార్లు వచ్చారు. పదమూడేడ్లు తొంభై ఆరు.

ఆగండి. మా మనవరాలు పక్కనుంచి తొంభై ఒకటి అంటోంది. వేళ్ళ మీద, ఆ తర్వాత కాలివేళ్ళ మీద కూడా చూసుకున్నాను. దాని మాటే నిజం. సరే, ఇక దాచి ప్రయోజనమేముంది. పన్నెండో ఎక్కం అయ్యేసరికి మా పంతులుగారికి బదిలీ అయింది. పదమూడు మొదలు నాకు లోకమంతా పొగమంచే. ఈ కథలో పన్నెండు దాటిన అంకెలన్నింటికీ పూచీ మనవరాలిది. నాది ఎప్పుడూ లేదు.

తొంభై ఒకటి అనుకోండి. కిందటి ఏడాది ఆ పదమూడు మందీ కలిసి వచ్చింది పదకొండుసార్లు. ఎనభై రాకలు తగ్గాయి. పద్దులాయన గుండె గంతేసింది. ఎనభై మంచాలు, ఎనభై రాత్రులు, సెలైను సీసాలు, కట్లు. పైగా ఆ వార్డు బయటి గది కిటికీలకి ఎప్పుడూ ఒక గండం ఉండేది. లోపల తమవాళ్ళు ఎలా ఉన్నారో తెలియక కొందరు, తమని లోపలికి పిలవలేదని కొందరు, చేతికందిన కిటికీ మీద కసి తీర్చుకునేవాళ్ళు. అందుకని అద్దాల మరమ్మతుకి ఏటా విడిగా డబ్బు కేటాయించేవాళ్ళు. ఇప్పుడవన్నీ మిగిలి ఉండాలి కదా అని, వార్డు ఖర్చుల పుస్తకం తెరిచాడు.

ఖర్చు పైసా తగ్గలేదు.

అద్దాలకి కేటాయించినంతా ఖర్చయింది. కట్లకి కేటాయించినంతా ఖర్చయింది. రోగులు సగానికి సగం రాకపోయినా ఖర్చు మాత్రం నిష్ఠగా హాజరైంది. ఆయన వెళ్ళి వార్డు పెద్ద నర్సుని అడిగాడు. ఆవిడ ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరికీ భయపడని మనిషి.

"మీరే కదా సార్ కాగితం పంపింది" అంది, సొరుగులోంచి తీసి ఇస్తూ.

చూస్తే ఆయన సంతకమే. ఆ ఆసుపత్రిలో ఒక ఆచారం ఉంది. కేటాయించిన డబ్బు ఏడాది చివరికి మిగిలితే, అడిగేటప్పుడు ఎక్కువ అడిగారని ఆ విభాగం పెద్దకి సంజాయిషీ కాగితం వెళ్తుంది. మరుసటి ఏడు అంత మేరకి కోత పడుతుంది. ఆ నిబంధన కనిపెట్టినవాడు, దానికి ఒకప్పుడు శాలువా కప్పించుకున్నవాడు మన పద్దులాయనే. మొదటి ఏడాది అద్దాల డబ్బు మిగిలితే నర్సుకి ఆ కాగితం వెళ్ళింది. అద్దాలు ఎందుకు పగల్లేదో మూడు రోజుల్లో లిఖితపూర్వకంగా తెలియజేయమని అందులో ఉంది.

"పగలనిదానికి నేనేం సంజాయిషీ చెప్పను సార్. అందుకని కొనేశాను. రెండేళ్ళుగా కొంటూనే ఉన్నాను. వెళ్ళి స్టోరులో చూసుకోండి" అని ఆవిడ తన పని చూసుకుంది.

స్టోరు తలుపు సగమే తెరుచుకుంది. మిగతా సగానికి అద్దాలు అడ్డం. గోడ పొడుగునా, గడ్డి మెత్తలు పెట్టి, ఒకదాని వెనక ఒకటిగా నిలబెట్టిన కిటికీ అద్దాలు రెండు వందల పధ్నాలుగు. వాటి మీద కట్ల మూటలు, మూటల మీద గొట్టాల చుట్టలు, చుట్టల మీద పైకప్పు. మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. స్టోరు చూసే అతను ఆ సందులోంచే, మీ దయవల్ల మధ్యాహ్నం కునుకు తీయడానికి కూడా చోటు లేకుండా పోయింది సార్ అని దండం పెట్టాడు.

పద్దులాయన పక్కకి తిరిగి ఆ సందులోకి దూరాడు. మిగులు కళ్ళెదుటే ఉంది. చేత్తో తాకితే చల్లగా ఉంది. కానీ దాన్ని చూపిస్తే తన నిబంధన గుట్టు బయటపడుతుంది. పొదుపు కోసం తను పెట్టిన నియమమే పొదుపంతా మింగి కూర్చుందని పదిమందికీ తెలుస్తుంది. ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. ఆయన తలుపు దగ్గరికి లాగి, తాళం వేయించి, బయటికొచ్చి, నివేదికలో అద్దాల ఊసు లేకుండా ఎనభై రాకలు తగ్గాయని మాత్రం రాశాడు.

పెద్దసారు అది చదివి పెదవి విరిచాడు. రాకలు తగ్గితే ఖర్చు ఎందుకు తగ్గలేదన్నాడు. అద్దాల సంగతి చెప్పలేక పద్దులాయన రాకల అంకెనే మళ్ళీ చదివాడు. పోనీ ఒక్క మనిషి లెక్క పూర్తిగా చూపించు, ఇల్లూ ఉద్యోగమూ అన్నీ కలిపి, రసీదులతో సహా, ఆ మనిషి సంతకంతో తీసుకురమ్మన్నాడు పెద్దసారు. అలాంటి లెక్క ఏ ఇంట్లోనూ ఉండదనే ధైర్యంతోనే అడిగాడు.

ఆ ఊళ్ళో అలాంటి లెక్క ఉన్న ఇల్లు ఒక్కటే ఉంది. ఆ రాత్రే పద్దులాయన అటకెక్కాడు.

మూడు అట్టపెట్టెలు దించి, నాలుగు రోజులు కూర్చుని రాశాడు. ఫోన్లు ఏడు. తలుపులు రెండు. పక్కింటివాళ్ళ పూలకుండీలు, వాళ్ళ మౌనం కొనడానికి ఇచ్చిన మిఠాయిలు. వార్డు బిల్లులు తొమ్మిది. అర్ధరాత్రి టాక్సీలు. ఆయన పెట్టిన సెలవులు అరవై మూడు రోజులు. ఆవిడ వదిలేసిన ఉద్యోగాల్లో పోయిన జీతం. అన్నీ కలిపి సగటున ఏడాదికి నాలుగు లక్షల పన్నెండు వేలు తేలింది. మాటల గదిలో ఒక మనిషి మీద ఏడాదికయ్యే ఖర్చు అరవై వేలు. పేరు రాయలేదు. స్త్రీ, వయసు ముప్పై నాలుగు అని మాత్రం రాశాడు. రాసినంతసేపూ అంకెలు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వచ్చి నిలబడ్డాయి. చివర సంతకం గీత గీసేటప్పుడు చెయ్యి ఆగింది. ఈ కాగితం చెల్లెలు చదవాలి.

చదివితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. నన్ను సంతలో పశువులా పళ్ళు లెక్కపెట్టి రాశావా అంటుంది. మాటల గదిని కాపాడబోయి, మాటల గది కట్టిందంతా ఈయనే కూల్చినట్టవుతుంది. సంతకం తనే పెట్టేస్తే పోలా అని ఒక ఆలోచన కూడా వచ్చింది. భార్య ఆ ఆలోచనని ముఖంలోనే పట్టేసింది.

"దొంగ సంతకం ఏ పద్దు కింద రాస్తారు?" అంది. "ఇన్నేళ్ళూ దాని ముందు పిల్లిలా నడిచాం. అది మారిందంటారు, మళ్ళీ పిల్లిలాగే నడుస్తారు. మారిందని మీరు నమ్మితేగా, మీ పెద్దసారు నమ్మడానికి."

ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. ఆయన కాగితాలు ఇచ్చి, ఇస్తూనే బల్ల మీది గాజు గ్లాసుని తెలియకుండా అవతలికి జరిపాడు. తెలియకుండా అని ఆయన అనుకున్నాడు. ఆవిడ గ్లాసునీ చూసింది, ఆయన్నీ చూసింది, ఆ తర్వాత కాగితాలు చూసింది. మొదటి పేజీ మెల్లగా చదివింది. రెండో పేజీకి చెవులు ఎర్రబడ్డాయి. మూడో పేజీ మధ్యలో లేచి నిలబడింది. కాగితాలు బల్ల మీద పెట్టి, అటు జరిపిన గ్లాసుని చేతిలోకి తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పంపు విప్పిన చప్పుడు వినిపించింది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. అన్నగారు కుర్చీ అంచు మీదకి జరిగాడు. భార్య కళ్ళతోనే కూర్చోమంది. ఆ నీళ్ళు ఏ పద్దు కింద పోతున్నాయో ఆ క్షణంలో ఆయనకి తట్టలేదు. చాలాసేపటికి పంపు కట్టేసిన చప్పుడైంది. ఆవిడ తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

"నన్ను అమ్మకానికి పెట్టావనిపించింది" అంది. "ఇప్పటికీ అనిపిస్తోంది. కానీ అలా అనిపించడం వేరు, నువ్వు అలా చెయ్యడం వేరు అని డాక్టరమ్మ దగ్గర ఏడాది నేర్చుకున్నాను. అందుకే అడుగుతున్నాను. ఎందుకు రాశావు?"

ఆయన చెప్పాడు. గది, సోఫాలు, పదిహేను రోజులు, అన్నీ చెప్పాడు. సంతకం పెట్టకపోయినా ఫర్వాలేదని కూడా అన్నాడు.

ఆవిడ మళ్ళీ కాగితాలు అందుకుంది.

"రెండో తలుపు నాది కాదు. చెదలు తినేసింది. నేను తోశానంతే."

"తీసేస్తాను."

"మిఠాయిలు పక్కింటివాళ్ళకి ఇచ్చినవి సగమే. మిగతా సగం నువ్వు తిన్నావు. వదిన సాక్ష్యం."

వదిన తల ఊపింది. ఆయన ఆ అంకె కూడా సగానికి కొట్టేశాడు. చివరి పేజీ చదివి, ఆవిడ దాని వెనక వైపు కూడా తిప్పి చూసింది.

"అన్నయ్యా, నన్నంతా ఒక్క వైపే రాశావు. ఖర్చు వైపు. పధ్నాలుగు నెలలుగా నేను జీతం తెస్తున్నాను. కిందటి నెల నీ కళ్ళజోడుకి అద్దాలు నేనే అరగదీశాను. రెండో వైపు నాకేం లేదా?"

పద్దులాయన ఇరవై రెండేళ్ళలో ఎదుర్కొన్న పెద్ద తప్పు అది. ఏ లెక్కకైనా రెండు వైపులుంటాయని కొత్తగా చేరిన గుమాస్తాలకి మొదటి రోజే నేర్పేవాడు. చెల్లెలికి మాత్రం ఒక వైపే గీత గీశాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. చెల్లెలు కలం లాక్కుని, రెండో వైపు గీత తనే గీసి, నెలనెలా జీతాలు తన చేత్తో రాసుకుని, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టింది. సమావేశానికి నేనూ వస్తాను అంది. అడగలేదు, చెప్పింది.

సమావేశం రోజు పెద్దసారు, డాక్టరమ్మ, పెద్ద నర్సు, ఇంకో ఇద్దరు విభాగాధిపతులు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ ఇద్దరికీ బిస్కెట్ల పళ్ళెం తప్ప ఇంకేదీ ఆనలేదు. చెల్లెలు వచ్చి కూర్చుంటే, నువ్వెవరమ్మా అని పెద్దసారు అడిగాడు. ఆ లెక్కలో ఉన్న మనిషిని నేనే, ఈయన చెల్లెల్ని కూడా అని ఆవిడ చెప్పింది. బిస్కెట్లు నమలడం ఆగిపోయింది. ఇన్నాళ్ళూ వెనక గేటులోంచి తెచ్చి దాచిన సంగతి బల్ల మీద నిలబడి ఉంది, ఆకాశం మాత్రం ఊడి పడలేదు.

పెద్దసారు కాగితాలు తిరగేశాడు. లెక్క బాగుందన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకునేలోపు మిగతాది అన్నాడు.

"తలుపు మిగిలింది మీ ఇంటికి. జీతం మిగిలింది ఈ అమ్మాయికి. మంచి పనిమంతురాలు మిగిలింది కళ్ళజోళ్ళ దుకాణానికి. ఆసుపత్రికి ఏం మిగిలిందయ్యా? ఖర్చు మనది, లాభం ఊరిది. ఊరికి పంచిపెట్టడానికి నేనేమైనా ధర్మసత్రం నడుపుతున్నానా?"

డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. పెద్దసారు అప్పటికే కలం మూత తీశాడు. చెల్లెలు అన్న వైపు చూసింది. ఆవిడ కళ్ళలో కోపం లేదు, భయం ఉంది. తన గుట్టంతా పదిమంది ముందు పెట్టి, చేతులు ఒళ్ళో కట్టుకుని కూర్చుంది. పద్దులాయన తన మూడేళ్ళ సర్వీసుని ఒక్కసారి తలుచుకుని, లేచి నిలబడ్డాడు.

"మిగిలింది సార్. ఆసుపత్రికే మిగిలింది. మిగలనివ్వకుండా చేసింది నేను. వస్తే చూపిస్తాను."

అందరూ ఊరేగింపుగా స్టోరుకి వెళ్ళారు. దారి పొడుగునా ఆయన తన నిబంధన సంగతి తనే చెప్పుకున్నాడు. పగలని అద్దాలకి సంజాయిషీ అడిగిన కాగితాన్ని పెద్ద నర్సు అందరికీ వినబడేలా చదివింది. అంత ఆనందం ఆవిడ ముఖంలో పదోన్నతి వచ్చినప్పుడు కూడా లేదని స్టోరు అతను తర్వాత చెప్పాడు. సగం తెరుచుకున్న తలుపులోంచి పెద్దసారు పక్కకి తిరిగి, పొట్ట బిగబట్టి లోపలికి వెళ్ళాడు. రెండు వందల పధ్నాలుగు అద్దాల్లో రెండు వందల పధ్నాలుగు పెద్దసార్లు కనిపించారు. ఆ దృశ్యం ఆయనకి బాగా నచ్చినట్టుంది. వేలి ఉంగరంతో ఒక అద్దం మీద కొట్టి చూశాడు. ఖంగుమంది.

"ఇవన్నీ వాళ్ళు పగలగొట్టనివా?"

"అవును సార్."

"డబ్బు పెట్టి కొన్నవే?"

"నా కాగితానికి భయపడి కొన్నవి సార్."

పెద్దసారు చాలాసేపు ఆలోచించాడు. ఎనభై రాకల గురించి, తొమ్మిది బిల్లుల గురించి, చేతులు కట్టుకుని నిలబడిన మనిషి గురించి ఆలోచిస్తున్నాడని అందరూ అనుకున్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంత అద్దముండగా స్వాగత మందిరానికి గదెందుకు, ముందు వరండా చుట్టూ అద్దాల గోడలు కడితే సరిపోదా అన్నాడు. ఎండ లోపలికొస్తుంది, సోఫాలు బయటికి కనిపిస్తాయి, గోడల ఖర్చు సున్న. విభాగాధిపతులిద్దరూ ఆ మేధస్సుకి నోరెళ్ళబెట్టారు. నోట్లో బిస్కెట్లు అయిపోయాయి కాబట్టి వీలైంది.

అలా మాటల గది బతికింది. పదమూడు మంది మనుషులు చేయలేని పని గాజు చేసింది. మర్నాడు వచ్చిన ఉత్తర్వులో, మాటల గదివల్ల గాజు మిగులుతున్నట్టు రుజువైనందున సదరు గదిని కొనసాగించడమైనదని, ఇకమీదట ఏడాదికి అరవై అద్దాలకు తగ్గకుండా పగలకుండా చూడవలసిన బాధ్యత సదరు డాక్టరుదని ఉంది. డాక్టరమ్మ దాన్ని గడియారం కింద అంటించుకుంది. నెలనెలా ఒక కాగితం పంపుతుంది, ఈ నెల పగలని అద్దాలు ఆరు అని, అయిదు అని. దానికోసం పద్దులాయన ఒక కొత్త పద్దు తెరిచాడు. సంజాయిషీ నిబంధన రద్దయింది. ఆయనకొక మందలింపు కాగితం వచ్చింది. దాన్ని ఆ ఏడాది అట్టపెట్టెలో పెట్టుకున్నాడు. చెల్లెలికి మంగళవారాలు ఇంకో పది నెలలు సాగాయి.

ఉత్తర్వు నేను కల్పించానని మీరు అనుకుంటున్నారని నాకు తెలుసు. కాదు, అది అక్షరాలా నిజం. అంత తెలివైనది కల్పించే శక్తి నాకు లేదు. నేను మార్చింది వంటింట్లో సంగతి. ఆ ఆదివారం ఉత్త పంపు చప్పుడే కాదు, గ్లాసు పగిలిన చప్పుడు కూడా వినిపించింది. ఆవిడ కుదుటపడి వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. ఒక్క గ్లాసు కోసం ఆవిణ్ణి మీ ముందు తగ్గించబుద్ధి కాక ఆ ముక్క మింగేశాను. ముక్కలన్నీ ఆవిడే ఊడ్చి, కాగితంలో చుట్టి, చెత్తబుట్టలో వేసి వచ్చి కూర్చుంది. కలం అందుకున్నాక ఖర్చు వైపు అడుగున మొదట రాసింది ఆ గ్లాసు ఖరీదే.